నాడి అందని మనిషి

"డ్రిప్పు పైపుల లెక్కలు వేసుకునే మనిషివి, రక్తనాళాల్లోకి ఎలా వచ్చిపడ్డావు?"

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఇది. ఇంతకన్నా మర్యాదగానే అడుగుతారు గాని, మనసులో ఉన్నది మాత్రం ఇదే. పైపు పైపే కదా అని జవాబు చెబుతాను. లోపల పోయేది చిక్కనా పలచనా, గోడ సాగుతుందా సాగదా, తోసేది ఎవరు, అడ్డుకునేది ఎవరు, లెక్కలో మారేవి ఇంతే అంటాను. వాళ్లు నవ్వుతారు. నేనూ ఒకప్పుడు దీన్ని ఇంత తేలికగానే తీసుకున్నాను. ఉద్యోగం మానేసి ఇంటి పట్టున ఉంటున్న ఈ రోజుల్లో, ఆ తేలికతనం పోయిన నాటి సంగతి మీలాంటి వాళ్లకు చెప్పాలనిపించింది.

నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. చేవెళ్లలో డ్రిప్పు సామాను అమ్మే దుకాణంలో చాలా ఏళ్లు పనిచేశాను. రైతు వచ్చి, భూమి ఎంతో, బోరు ఎంత పోస్తుందో చెబితే, ఏ సైజు పైపు ఎంత దూరం వేయాలో, చివరి మొక్కకు నీళ్లు అందుతాయో లేదో లెక్కగట్టి ఇవ్వడం నా పని. మొదట చేత్తో వేసేదాన్ని. దుకాణానికి కంప్యూటరు వచ్చాక దాని మీద వేయడం నాకు నేనే నేర్చుకున్నాను. తప్పు వచ్చినప్పుడల్లా ఎందుకు వచ్చిందో తేలేదాకా లేచేదాన్ని కాదు. నా గురువులు ఆ తప్పులే.

అవి ఐటీ కంపెనీలు నగరం అంచులు దాటి మా వైపు పాకుతున్న రోజులు. మోకిలలో, శంకర్‌పల్లి దారిలో కూరగాయల మడులు ఒక్కొక్కటే ప్లాట్లుగా మారాయి. మడులు తగ్గేకొద్దీ మా దుకాణానికి గిరాకీ తగ్గింది. అదే సమయంలో మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌ను కిరాయికి తీసుకుని, గాలి, నీళ్లు ఎక్కడ ఎలా పారుతాయో కంప్యూటరు మీద చూపించే చిన్న కంపెనీ ఒకటి వెలిసింది. వాళ్ల మొదటి పని ప్లాస్టిక్ కప్పు కింద గులాబీలు పెంచే పాలీహౌసులకు నీటి లైన్ల లెక్క. పైపుల వివరాల కోసం మా దుకాణానికి వచ్చిన మనిషి, వెళ్లేటప్పుడు నన్ను కూడా అడిగి వెళ్లాడు. అలా ఉద్యోగం మారింది.

అక్కడ మా టీమ్‌కు పెద్ద, అందరూ లీడ్ అనేవాళ్లు, వయసులో నాకు కొడుకంతవాడు. కోస్తా నుంచి వచ్చాడు. ప్రవాహాల మీద డాక్టరేటు చేశాడు. నన్ను "అక్కా" అని పిలిచేవాడు, కానీ మాటల చివర "అండి" వదిలేవాడు కాదు. నాకు తెలియనివి అతనికి చాలా తెలుసు. అతనికి తెలియనివి నాకు కొన్ని తెలుసు. ఈ రెండూ ఒకరి దగ్గర ఒకరం దాచుకోకపోవడం వల్ల మాకు పడింది.

ఒకరోజు దగ్గర్లోని పెద్ద ఆసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. అత్యవసర చికిత్స విభాగం ఆమె చేతి కింద ఉండేది. హైదరాబాదులో పుట్టి పెరిగిన మనిషి. మాట చురుకు, ఓపిక తక్కువ. ఆమె మాకు ఒక యంత్రం గురించి చెప్పింది. గుండె, ఊపిరితిత్తులు చేతులెత్తేసినప్పుడు, తొడ దగ్గర నుంచి చెడు రక్తాన్ని బయటికి లాగి, అందులోకి ప్రాణవాయువు ఎక్కించి, మళ్లీ తొడ దగ్గరే మంచి రక్తపు నాళంలోకి తోసే యంత్రం. ఆసుపత్రిలో దాన్ని ఎక్మో అంటారు.

"మామూలుగా రక్తం గుండె నుంచి కిందికి వస్తది. ఈ యంత్రం కింద నుంచి పైకి తోస్తది," అంటూ ఆమె తన చేత్తో తొడ నుంచి ఛాతీ దాకా గీత గీసి చూపించింది. "లోపల బలహీనమైన గుండె కూడా తన వంతు కిందికి తోస్తుంటది. ఆ రెండూ ఎక్కడ ఎదురుపడుతున్నయో, ఎవరిది పైచేయి అవుతున్నదో నాకు కనపడదు. మీరు కంప్యూటర్ మీద చూపించగలరా?"

రెండు మోటార్లు, ఒక లైను అనుకున్నాను నేను. మా వైపు ఇది కొత్త కాదు. ఒక బోరు నీళ్లు చాలని చోట, రెండో బోరు వేసి, రెండింటినీ ఒకే పైపుకు కలుపుతారు.

కొన్ని నెలలు కష్టపడి బొమ్మ తయారుచేశాం. కదిలే బొమ్మ. గుండె నుంచి వచ్చే రక్తం ఒక రంగు, యంత్రం నుంచి వచ్చేది ఒక రంగు. రెండూ ఛాతీలో కలిసి సుడులు తిరుగుతుంటే చూడముచ్చటగా ఉండేది. డాక్టరమ్మను పిలిచి చూపించాం. ఆమె చేతులు కట్టుకుని చూసింది. యంత్రం జోరు పెంచమంది. పెంచాం. ఇంకా పెంచమంది. పెంచాం.

"మీ గుండెకు అలసటే లేదా?" అంది.

మాకు అర్థం కాలేదు.

"నేను యంత్రం ఎంత పెంచినా ఇది మాత్రం అంతే పోస్తున్నది. మా పేషెంట్ల గుండె ఇట్ల ఉండదు. ఎదురు ఒత్తిడి పెరిగితే పాపం తన తలుపు కూడా తెరవలేదు. లోపలి రక్తం లోపలే నిలబడి గడ్డ కడుతుంది. నాకు భయం దానికే. మీ బొమ్మల ఆ భయమే లేదు."

మా లీడ్ ముఖం నేను చూశాను, నా ముఖం అతను చూశాడు. లెక్క తొందరగా తేలాలని, గుండె దగ్గర "నిమిషానికి ఇంత" అని ఒక అంకె పెట్టి వదిలేశాం. అతని వైపు నుంచి అది సాఫ్ట్‌వేర్ అలవాటు. నా వైపు నుంచి దుకాణం అలవాటు. మా ప్రాంతంలో బోరు నీళ్లను ఇంచుల్లో చెబుతారు. రైతు "రెండించుల నీళ్లు" అంటే కాగితం మీద అది ఎప్పటికీ రెండించులే. ఎండాకాలం వచ్చినా, పక్క బోరు వేసినా మారదు. మనిషి గుండెను మేము రెండించుల బోరులాగా రాసిపెట్టాం.

నన్ను కుదిపింది వేరే సంగతి. పొలం దగ్గర నిలబడితే ఇది నాకు తెలిసిన విషయమే. పెద్ద మోటారు, చిన్న మోటారు ఒకే లైనుకు కలిపితే, పెద్దది జోరుగా తోస్తున్నప్పుడు చిన్నదాని వాల్వు తెరుచుకోదు. మోటారు మూలుగుతూ తిరుగుతుంది, చుక్క బయటికి రాదు. చేవెళ్లలో ఎంతమంది రైతులు ఈ ఫిర్యాదుతో నా దగ్గరికి వచ్చారో. కుర్చీలో కూర్చునేసరికి అది మరిచిపోయాను. తెర మీద అన్నీ నునుపుగా ఉంటాయి, మోటారు మూలుగు వినిపించదు.

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి గుండెకు అంకె కాదు, బలం ఇచ్చాం. ఎంత ఎదురు ఒత్తిడి దాకా తోయగలదు, ఎక్కడ ఓడిపోతుంది అన్నది లెక్కలోకి తెచ్చాం. బొమ్మ అందం తగ్గింది. డాక్టరమ్మ చూసి, "ఇప్పుడు జర రోగి గుండె లెక్క ఉన్నది," అంది. ఆమె నోట అంతకు మించిన మెప్పు నేనెప్పుడూ వినలేదు. అయితే దాన్ని నిజమైన మనిషితో సరిచూసింది లేదు. అప్పటికి అది పరిశోధన, అంతే.

మా ఆఫీసు వ్యాను నడిపే డ్రైవరుది కూడా చేవెళ్లే. ముప్పై ఏళ్లు దాటని మనిషి. పొద్దున్నే ఖాళీ వ్యానులో నన్ను ఎక్కించుకుని, మొయినాబాద్‌లో దించి, మిగతావాళ్లను తేవడానికి మెహిదీపట్నం వెళ్లేవాడు. దారంతా నా పని మీద పరాచికాలే. "అక్కా, గుండె నడుస్తున్నదా, ఇయ్యాల గూడ రిపేరేనా?" అనేవాడు. అతని భార్య గులాబీ పాలీహౌసులో పూలు కోసే పనికి వెళ్లేది. ఇద్దరిదీ నెమ్మదైన సంసారం.

అతనికి జ్వరం వచ్చింది. రెండు రోజులు మాత్రలు వేసుకుని వ్యాను నడిపాడు. తర్వాత మెట్లెక్కలేకపోయాడు. ఊపిరి ఆడక ఆసుపత్రికి తీసుకెళ్తే, వైరస్ గుండె కండరానికి పాకింది, గుండె దాదాపు కొట్టుకోవడం లేదు అన్నారు. డాక్టరమ్మ ఆ సాయంత్రమే అతన్ని ఆ యంత్రం మీద పెట్టింది. ఖర్చు సంగతి ఆఫీసూ ఆసుపత్రీ మాట్లాడుకున్నాయి, దాని జోలికి నేను పోను.

మేము ఎన్నడూ మాటల్లో అనుకోలేదు గాని, టీమ్‌లో అందరికీ ఒకటే ఆలోచన. ఇన్నాళ్లూ తెర మీద ఎవరిదీ కాని గుండెను ఆడించాం. ఇప్పుడు దానికి ఒక ముఖం వచ్చింది.

మూడో రోజు పొద్దున అతని భార్య నుంచి ఫోను. "అక్కా, నువ్వు జర రా. పెద్దమామ వచ్చిండు. నాడి జూసిండు. నాడి లేదంటున్నడు. మనిషి లేడు, తీస్కపోదాం అంటున్నడు. నాకేం సమజైతలేదు."

నేను వెళ్లేసరికి వరండాలో బంధువులంతా ఉన్నారు. ఇద్దరు ఆడవాళ్లు అప్పటికే రాగం తీస్తున్నారు. మధ్యలో కుర్చీలో ఒక పెద్దమనిషి. డ్రైవరుకు పెద్దనాన్న. షాబాద్ దగ్గర పొలం, పదిమందిలో మాట చెల్లే మనిషి. నాడి పట్టి చెప్పడంలో ఆ ఇంటివాళ్లకు ఆయన మీద గురి. ఎవరికి జ్వరం వచ్చినా ముందు ఆయనే చెయ్యి పట్టుకుంటాడు, ఎవరైనా పోతే ఆయనే పట్టుకుని చూసి ఇక లేదని చెబుతాడు. పొద్దున లోపలికి వెళ్లి తమ్ముడి కొడుకు రెండు మణికట్లు పట్టుకున్నాడు, మెడ దగ్గర వేళ్లు పెట్టాడు. ఎక్కడా ఏమీ తగల్లేదు. బయటికి వచ్చి ఒకే మాట అన్నాడు. ఆ మాటతో ఏడుపులు మొదలయ్యాయి.

గేటు దగ్గర జీపు నిలబడి ఉంది. భార్య ఒప్పుకుని సంతకం పెడితే, యంత్రం తీసేసి ఇంటికి తీసుకుపోతారు. యంత్రం తీసేస్తే అతను ఆ గేటు కూడా దాటడు. గోడకు ఆనుకుని నిలబడ్డ ఆ పిల్ల, నా వైపు చూస్తోంది.

పెద్దాయన నన్ను కూర్చోమన్నాడు. కోపం లేదు గొంతులో. "బిడ్డా, కంప్యూటర్ల గుండె పని జేసేది నువ్వేనంట. ఒక్క మాట అడుగుత, సూటిగ చెప్పు. నాడి లేకుంట మనిషి బతుకుతడా?"

"ఈ యంత్రం మీద ఉన్నప్పుడు బతుకుతడు పెద్దబాపు," అన్నాను.

"మా తమ్మున్ని గిట్లనే ఉంచిన్రు పట్నంల. ఉన్నడు, ఉన్నడు అన్నరు. ఇంటికి తెస్తే ఎప్పుడు పోయిండో గూడ తెల్వదు. ఈ పిలగాని తండ్రే వాడు. ఇంకోపారి నేను మోసపోను."

ఆయన మాట నేను తోసిపుచ్చలేదు. అబద్ధం కాదు, మూర్ఖత్వం కాదు. చూసినవాడి భయం అది. అందుకే ఒప్పించే మాటలు వదిలేసి, నాకు తెలిసిన చోటికి వచ్చాను.

"మీ పొలంల రెండు బోర్లు ఒక్కటే లైనుకు కలిపినారా?"

"కలిపిన. అయితే?"

"పెద్ద మోటరు నడుస్తుంటే చిన్నది పోస్తదా?"

"ఏడ పోస్తది. గుర్ర్ గుర్ర్ అంటది, గంతే."

"చిన్నది పోస్తలేదని లైన్ల నీళ్లు ఆగినయా?"

"ఎందుకాగుతయ్. పెద్దది తోస్తుండే గదా."

"ఇక్కడ గూడ గదే. యంత్రం పెద్ద మోటరు. ఆగకుంట ఒక్క తీరుగ తోస్తున్నది, అందుకే మీ వేళ్లకు దెబ్బ తగుల్తలేదు. నాడి అంటే చిన్న మోటరు దెబ్బ. దాని వాల్వు ఇంకా తెరుచుకుంటలేదు."

రాగం తీస్తున్న ఆడవాళ్లు కూడా ఆగి మా మాటలు వింటున్నారు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అప్పుడు పెద్దాయన అడిగిన ప్రశ్నతో ఆ ధైర్యం పోయింది.

"మంచిగనే చెప్పినవ్. మరి చిన్న మోటరు మూలుగుతున్నదా, కాలిపోయిందా? గది చెప్పు."

నా లెక్కలో గుండెకు ఎంత బలం ఉందని నేను చెబితే అంతే ఉంటుంది. నిజంగా ఎంత ఉందో లెక్క చెప్పదు.

"నాకు తెల్వదు పెద్దబాపు. డాక్టరమ్మకు తెలుసు," అన్నాను.

అప్పుడే బయటికి వచ్చిన డాక్టరమ్మ ఆ ప్రశ్న విన్నది. సాధారణంగా ఆమెకు బంధువులతో ఓపిక ఉండదు. ఆ రోజు ఏమనుకుందో, పెద్దాయనకు గౌను తొడిగించి, లోపలికి తీసుకెళ్లి, అల్ట్రాసౌండ్ తెర మీద గుండెను చూపించింది. భార్యను, నన్ను గది వాకిట్లో, అద్దం పక్కన నిలబడనిచ్చింది. తెర మీద బూడిద రంగు కండరం సన్నగా వణుకుతోంది. రక్తం బయటికి పోయే తలుపు మాత్రం మూసుకునే ఉంది.

"కాలిపోలే," అన్నాడు పెద్దాయన. "మూలుగుతున్నది."

"అవును. కానీ తలుపు ఇయ్యాల తెరుచుకోకపోతే లోపల రక్తం గడ్డ కడుతది," అంది డాక్టరమ్మ. "అప్పుడు నేను కూడా ఏం చేయలేను."

"అయితే పెద్ద మోటరు బందు పెట్టి చూడున్రి."

"బందు పెడితే చచ్చిపోతడు. జర తగ్గించి చూడాలె. ఎంత తగ్గించాలన్నదే ప్రశ్న. చాలకపోతే తలుపు తెరుచుకోదు. ఎక్కువైతే తలకు రక్తం అందదు." ఆమె అద్దం అవతల ఉన్న నా వైపు చూసి, బయటికి వచ్చింది. "మీ లెక్క ఏమంటది? మీ అంకె పట్టుకుని వైద్యం చేయను, ఫికర్ చేయకండి. ఎక్కడ నుంచి వెతకాలో తెలిస్తే చాలు. చీకట్ల తడుముకుంటూ పోయేంత టైం ఈ మనిషికి లేదు."

అతని కొలతలన్నీ చెప్పింది. ఆఫీసులో ఉన్న లీడ్‌కు ఫోనులో చదివి వినిపించాను. యంత్రం అప్పుడు నిమిషానికి నాలుగు లీటర్లు తోస్తోంది. లెక్క తేలేదాకా వరండా చివర కిటికీ దగ్గర నిలబడ్డాను. డ్రైవరు భార్య వచ్చి పక్కన నిలబడింది.

ఫోను మోగింది. "అక్కా, రెండు పాయింట్ తొమ్మిది నాలుగు దగ్గర తెరుచుకుంటుందండి."

"దశాంశాలు నాకొద్దు. గుండె బలం మనం వేసుకున్నదాని కంటే కొంచెం తక్కువుంటే? ఎక్కువుంటే?"

ఒక నిట్టూర్పు, కాసేపు కీబోర్డు చప్పుడు. "రెండున్నర నుంచి మూడుంబావు మధ్య ఎక్కడైనా అండి. అంతకంటే ఇరుగ్గా చెప్పలేను." ఆగి, "మీరైతే ఏం చెబుతారు?" అన్నాడు.

"ఇదే చెబుతా," అన్నాను.

దశాంశం తర్వాత అంకెలు లెక్కకు అందం తెస్తాయి, నమ్మకం తేవు. డాక్టరమ్మకు హద్దులే చెప్పాను. ఆమె తల పంకించింది. "రెండున్నర కిందికి పోతే ఈయన బీపీ నిలవదు. అంటే నాకున్న జాగా ఇంతే. అందులో తెరుచుకోకపోతే నిలిచిన రక్తం లాగెటందుకు గుండెలోకి ఇంకో గొట్టం వేయించాలె, దానికి సిటీకి పంపాలె. యంత్రంతో సహా అంబులెన్సుల, ఈ రోడ్డు మీద." భార్య వైపు తిరిగి, "ఏమంటవమ్మా? ఒక్కసారి ప్రయత్నం చేయమంటవా, తీస్కపోతవా?"

ఆ పిల్ల పెద్దమామ వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. "చెయ్యున్రి మేడం," అంది.

డాక్టరమ్మ అల్ట్రాసౌండ్ పరికరం చేతిలో పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. యంత్రం నడిపే టెక్నీషియన్ చేతికి దాని మీట. పెద్దాయనను బయటికి పొమ్మని ఎవరూ అనలేదు. ఆయన అవతలి వైపు స్టూలు మీద కూర్చుని, పిలగాడి మణికట్టు పట్టుకున్నాడు. మేము అద్దం ఇవతల ఉన్నాం. పైన తెర మీద రక్తపోటు గీత కనబడుతోంది. మామూలు మనిషికి అది అలలు అలలుగా పోతుంది. ఇతనిది మూడు రోజులుగా దారం గుంజి కట్టినట్టు తిన్నగా ఉంది.

కొంచెం తగ్గించారు. ఆగారు. మళ్లీ కొంచెం. గీత కిందికి దిగింది గాని, తిన్నదనం పోలేదు. మూడుంబావు దాటింది. ఏమీ లేదు. మూడు. ఏమీ లేదు.

"ఏమంటున్నరక్కా?" అంది ఆ పిల్ల.

"ఇంకా లేదు."

ఆ రెండు మాటలు అనడానికి నాకు పట్టిన బలం ఇంతా అంతా కాదు. ఎన్నో పొలాలకు లెక్కలు ఇచ్చాను. నీళ్లు అందకపోతే రైతు వచ్చి తిట్టేవాడు, పైపు మార్చేవాళ్లం. ఇక్కడ మార్చడానికి ఏముంది? నేను చెప్పిన హద్దులో పైభాగం అప్పటికే ఖర్చైపోయింది. ఇంకా తగ్గించారు. డాక్టరమ్మ ఏదో అనగానే నర్సు గుండెకు బలమిచ్చే మందు జోరు కొంచెం పెంచింది. రెండున్నరకు వెంట్రుకవాసి దూరంలో ఉన్నాం.

అప్పుడు ఆ గీత మీద చిన్న బొడిపె లేచింది. కన్ను ఆర్పితే కనబడనంత చిన్నది. పోయింది. మళ్లీ లేచింది. ఆ తర్వాత వరసగా, అన్నీ ఒకే తీరుగా కాదు గాని, ఒకదాని వెంట ఒకటి. అద్దం అవతల డాక్టరమ్మ నా వైపు తిరిగి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, మెల్లగా విడదీసి చూపించింది. తలుపు తెరుచుకుంది.

డ్రైవరు భార్యకు ఆ బొడిపెలను వేలితో చూపించాను.

పెద్దాయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. "దొరుకుతలేదు," అన్నాడు. తలుపు దగ్గరున్న మాకు వినబడింది.

"తెర మీద వస్తున్నది చూడండి," అంది డాక్టరమ్మ.

"తెర నేనెర్గ. నాకు నా వేళ్లు చెప్పాలె."

డాక్టరమ్మకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "అయితే అట్లనే పట్టుకుని కూర్చోండి. ఇప్పుడు మరీ సన్నగ ఉన్నది. బలం వస్తే దొరుకుతది. గట్టిగ నొక్కకండి, నొక్కితే అసలు దొరకదు." తన పనిలో తాను పడింది.

ఆయన కూర్చున్నాడు. నర్సులు ఆయన్ని తప్పుకుని తిరిగారు. భోజనం వేళ దాటింది. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు, నిద్రపోయాడేమో అనుకున్నాను. వేళ్లు మాత్రం వదల్లేదు. ఆ మధ్యాహ్నం నేను ఆయన్ని చూస్తూ అనుకున్నాను, మా లెక్కలు నమ్మదగినవి కావాలంటే వాటిని కూడా ఎవరో ఇలాగే మొండిగా పట్టుకుని కూర్చోవాలని.

ఏదో ఒక క్షణాన ఆయన కళ్లు తెరిచాడు. వేళ్లు కొంచెం జరిపి మళ్లీ పెట్టాడు. ఎవరికీ ఏమీ చెప్పకుండా, కోడలిని లోపలికి రమ్మని తలతో సైగ చేశాడు. ఆమె చెయ్యి తీసుకుని, వేళ్లను మొగుడి మణికట్టు మీద తానే సరిగ్గా పెట్టాడు.

"జూడు," అన్నాడు. "సన్నగ ఉన్నది. దారం లెక్క. ఉన్నది."

ఆ తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. గుండె రోజురోజుకూ బలం పుంజుకుంది, వారం తిరగకుండా యంత్రం తీసేశారు. ఇప్పుడతను చేవెళ్లలో టైర్ల దుకాణం నడుపుతున్నాడు. డాక్టరమ్మ తన ఇరవై ఏళ్ల అనుభవంతో, తన చేతులతో చేసిన పని అది. మా కంపెనీ యజమాని ఊరుకోకుండా "మా సాఫ్ట్‌వేర్ ప్రాణం కాపాడింది" అని ప్రకటన రాయమన్నాడు. మా లీడ్ ఒక వాక్యం రాసి పంపాడు, "మేము చెప్పిన హద్దుల్లో, దాని అట్టడుగు అంచున, తలుపు తెరుచుకుంది" అని. ఆ ప్రకటన రాలేదు. ఆ అంచు ఎందుకు అంత కిందికి పోయిందో వెతకడానికి మాకు ఏడాది పట్టింది. అదంతా వేరే సంగతి, మీకు విసుగు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. తెర మీద బొమ్మ నునుపుగా పారుతుంటే, అందులో అలసిపోవలసినవాళ్లు ఎవరున్నారో వెతకండి. ఎవరూ అలసిపోకపోతే బొమ్మలో తప్పుంది.

ఆ సాయంత్రానికి మళ్లీ వస్తాను. పెద్దాయన గౌను విప్పేసి వరండాలోకి వచ్చాడు. లోపల ఏం జరిగిందో ఇంకా తెలియని ఆడవాళ్లిద్దరూ, ఆయన ముఖం చూసి, ఆపిన రాగం మళ్లీ అందుకున్నారు.

"అరే, ఎవలే ఏడ్చేది?" అని గద్దించాడు. "పిలగాడు నాడి కొడుతుంటే ఏడుస్తరా? ఎవలు జెప్పిన్రు మీకు ఏడ్వమని?"

"నువ్వే జెప్పినవ్ పెద్దమామా," అంది వెనకాలే వచ్చిన కోడలు. మూడు రోజుల్లో ఆమె గొంతులో నవ్వు వినడం అదే మొదలు.

పెద్దాయన ఒక్క క్షణం తడబడ్డాడు. "పొద్దుగాల నేనే జెప్పిన," అన్నాడు. "ఇప్పుడు నేనే వద్దంటున్న. పోయి అందరికి చాయ్ తెప్పియ్యి. ఆ డాక్టరమ్మకు గూడ. పొద్దటి సంది ఆమె గూడ ఏం తిన్లేదు."

అందరికీ చాయ్ వచ్చింది. డాక్టరమ్మ తలుపు దగ్గరే నిలబడి, రెండు గుక్కల్లో తాగేసి, ఖాళీ గ్లాసు ఆయన చేతికే ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.